బాలింత నడవాలంటే: విశాఖ ఇళ్ళల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

ఇవన్నీ విశాఖలో పురుడు జరిగిన ఇళ్ళల్లో వినిపించే ప్రశ్నలే. కొన్ని తల్లులవి, కొన్ని వాళ్ళ అమ్మలవి, అత్తలవి, భర్తలవి. కాన్పు ఇబ్బంది లేకుండా జరిగి, తల్లి ఆరోగ్యంగా ఉందన్న లెక్కలో జవాబులు రాశాను. గుండె జబ్బు, బీపీ, కాన్పులో ఎక్కువగా రక్తం పోవడం, కింద పెద్ద చిరుగు పడి కుట్లు వెయ్యడం లాంటివి ఉంటే మీ డాక్టరు మాటే ముందు.

కాన్పయిన ఎన్నాళ్ళకి లేచి తిరగొచ్చు?

మామూలు కాన్పయితే అదే రోజు లేచి బాత్రూముకి నడిచి వెళ్ళొచ్చు. మొదటిసారి పక్కన ఒక మనిషి ఉండాలి, కళ్ళు తిరుగుతాయి. సిజేరియన్ అయితే మత్తు దిగాక, మామూలుగా 24 గంటల లోపే నర్సులు లేపి నిలబెడతారు. "కుట్లు పచ్చిగా ఉండగానే పిల్లని లేపేస్తున్నారు" అని చుట్టాలు నొచ్చుకుంటారు గానీ, దానికి గట్టి కారణమే ఉంది. కాన్పులో మరీ రక్తం పోకుండా ఒళ్ళు ముందే జాగ్రత్త పడుతుంది. గర్భంతో ఉన్నప్పుడూ, కాన్పయ్యాక కొన్ని వారాల పాటూ రక్తానికి గడ్డకట్టే గుణం ఎక్కువగా ఉంటుంది. అలాంటప్పుడు రోజుల తరబడి మంచానికి అంటుకుపోతే పిక్కల్లో గడ్డలు కట్టొచ్చు. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళితే ప్రాణం మీదకి వస్తుంది. నడుస్తున్నప్పుడు పిక్క కండరం బిగిసి వదులుతూ రక్తాన్ని పైకి తోస్తుంది. లేవలేని పూట పడుకునే పాదాలు పైకీ కిందికీ ఆడించండి, కొంత పని జరుగుతుంది.

మొదటి వారం ఇంట్లోనే, పూటకి రెండు సార్లు అయిదేసి నిమిషాలు చాలు. ఒంట్లో బాగుంటే రెండో వారం గేటు దాకా, ఆ పైన వీధి చివరిదాకా. ఎంత నడవాలో మీ రక్తస్రావమే చెబుతుంది. గోధుమ రంగులోకి దిగినది నడిచిన మర్నాడు మళ్ళీ ఎర్రగా వచ్చిందంటే ముందురోజు మోతాదు మించినట్టు. రెండు రోజులు తగ్గించి మళ్ళీ మొదలుపెట్టండి.

మా అమ్మ నలభై రోజులు గడప దాటనివ్వనంటోంది. పురుడు పోసిన మనిషి మాట కాదనలేను. ఎలాగ?

కాదనక్కర్లేదు. ఆ నలభై రోజుల పద్ధతిలో తల్లికి మేలు చేసేదే ఎక్కువ. పొయ్యి దగ్గరికి వెళ్ళక్కర్లేదు, వేళకి కంచం ముందుకొస్తుంది, ఒంటికి నూనె రాసి వేణ్ణీళ్ళు పోసే చెయ్యి ఒకటి ఉంటుంది, రాత్రి బిడ్డ ఏడిస్తే ఎత్తుకునే ఇంకో ఒడి ఉంటుంది. నాట్లు వేసి, పిండి దంచి, నీళ్ళు మోసిన ఆడమనిషికి ఏడాదిలో దొరికే విశ్రాంతి అదొక్కటే. ఇప్పుడు మధురవాడ ఫ్లాటులో కంప్యూటరు ముందు కూర్చుని ఎనిమిదో నెల దాకా పనిచేసిన అమ్మాయి సంగతి వేరు. ఆమెకి పని నుంచి సెలవు కావాలి గానీ, నడక నుంచి అక్కర్లేదు.

గడప లోపలే నడవండి. వంటింటి గుమ్మం నుంచి బాల్కనీ దాకా, మళ్ళీ వెనక్కి. బిడ్డ పాలు తాగి పడుకున్న ప్రతిసారీ ఓ పది చక్కర్లు. అమ్మ కళ్ళెదుటే నడుస్తున్నారు కాబట్టి ఆవిడకీ బెంగ ఉండదు. "కాళ్ళు లాగుతున్నాయమ్మా, నాలుగడుగులు వేస్తే తేలికవుతుంది" అంటే ఏ తల్లీ వద్దనదు. "డాక్టరు చెప్పారు, నీకు తెలీదు" అంటే మాత్రం అక్కడితో ఆగిపోతుంది.

తలకి గుడ్డ, చెవుల్లో దూది ఉండనివ్వండి, నష్టం లేదు. రెండు విషయాల్లో మాత్రం నెమ్మదిగానైనా గట్టిగా నిలబడాలి. ఒకటి, నీళ్ళు. బాలింత నీళ్ళు తాగితే పొట్ట వస్తుందని గ్లాసులు లెక్కపెట్టి ఇచ్చే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. విశాఖ ఉక్కలో, పాలిచ్చే మనిషికి నీళ్ళు తగ్గిస్తే మలబద్ధకం వస్తుంది, ముక్కితే కుట్లు నొప్పెడతాయి, తల తిరుగుతుంది, ఇంక నడక మాట ఎత్తేదెవరు? దాహం వేసినంతా తాగాలి. రెండు, తలుపులన్నీ మూసి నిప్పుల కుంపటి పెట్టడం. ఆ పొగ తల్లికీ మంచిది కాదు, పసిబిడ్డ ఊపిరికి అసలే కాదు.

సిజేరియన్ అయింది. మంచం మీంచి లేవడమే నరకంగా ఉంది, ఇంక వ్యాయామమా?

ముందు లేచే పద్ధతి మార్చండి. చాలామంది అలవాటుగా వెల్లకిలా ఉన్నవాళ్ళు ఉన్నట్టే తల ఎత్తి లేవబోతారు. అప్పుడు బరువంతా కుట్ల మీద పడుతుంది. ఇలా చెయ్యండి. రెండు మోకాళ్ళూ మడవండి. భుజం, నడుము, మోకాళ్ళు మూడూ కలిపి ఒక్కసారే పక్కకి దొర్లండి, నడుము మెలిపడకూడదు. రెండు పాదాలూ మంచం అంచు దాటించి కిందికి వదలండి. కాళ్ళు దిగుతుంటే పైచేత్తో మంచాన్ని నొక్కి, కింది మోచేతి మీద ఆని, ఊపిరి వదులుతూ లేచి కూర్చోండి. ఒక నిమిషం అలాగే ఉండి అప్పుడు నిలబడండి. పడుకునేటప్పుడు ఇదే తిరగేసి. మొదటి రోజే వార్డులో ఎవరైనా నేర్పితే సగం భయం పోతుంది. దగ్గు, తుమ్ము, నవ్వు వచ్చినప్పుడు చిన్న దిండు కుట్ల మీద అదిమి పట్టుకోండి.

నిలబడ్డాక వంగిపోయి నడవకండి. కుట్లు లాగుతాయని భయపడి ముందుకి వంగి నడిచే అలవాటు నెలలు గడిచినా పోదు, నడుం నొప్పి అక్కడే మొదలవుతుంది.

ఆరు వారాల దాకా మీ బిడ్డ కన్నా బరువైనది ఎత్తొద్దు. నీళ్ళ బకెట్, 20 లీటర్ల వాటర్ క్యాన్ ముట్టుకోవద్దు. నిండు గ్యాస్ బండ దాదాపు 30 కిలోలు, దాన్ని కాలితో దొర్లించడం కూడా వద్దు. ఆరిలోవలోనో కంచరపాలెం కొండవాలులోనో ఇల్లున్న వాళ్ళకి అసలు కష్టం ఇక్కడే. ఇంటికి చేరాలంటేనే మెట్లు, కుళాయి ఏమో కింద. ఖాళీ చేతులతో, రెయిలింగో గోడో పట్టుకుని, రోజుకి ఒకటి రెండు సార్లు మెల్లగా ఎక్కితే మెట్ల వల్ల ఏమీ కాదు. బిందె చంకనెత్తుకుని ఎక్కితే అవుతుంది. ఆ బిందె ఆరు వారాలు ఇంట్లో మగవాళ్ళు మొయ్యాలి. జాలారిపేటలో చేపల తట్ట నెత్తిన పెట్టుకుని అమ్ముకునే తల్లికీ ఇదే మాట. పనిలోకి వెళ్ళకపోతే గడవదంటే కూర్చుని అమ్మే చోటు చూసుకోండి, తట్టని ఇంకొకరు దించిపెట్టాలి.

దగ్గినా తుమ్మినా మూత్రం చుక్కలు పడుతున్నాయి. అందుకే బయటికి నడవడానికి సిగ్గేస్తోంది.

ఈ ప్రశ్నని ఎవరూ గట్టిగా అడగరు. గది తలుపు వేశాక, గొంతు తగ్గించి అడుగుతారు. "పిల్లలు పుట్టాక అందరికీ ఇంతేలే" అని అమ్మలు సర్దిచెబుతారు. చాలామందికి ఉంటుంది, నిజమే. అలాగని భరించక్కర్లేదు, చాలావరకు తగ్గుతుంది.

మూత్రాశయాన్నీ గర్భసంచినీ మలద్వారాన్నీ కింది నుంచి ఉయ్యాలగుడ్డలా పట్టి ఉంచే కండరాలు కొన్ని ఉంటాయి. తొమ్మిది నెలల బరువుకీ కాన్పుకీ అవి సాగిపోతాయి. సిజేరియన్ అయినవాళ్ళకీ ఆ తొమ్మిది నెలల బరువు తప్పలేదు కదా, వాళ్ళూ చెయ్యాలి. ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ డాక్టరు 1948లో ఈ కండరాలకి వ్యాయామం గురించి రాశారు. ఆయన పేరు మీదే కెగెల్ వ్యాయామాలు అంటున్నాం.

చెయ్యడం ఇలా. పక్కకి తిరిగి పడుకోండి. నలుగురిలో గ్యాస్ పోకుండా ఆపుకుంటున్నట్టు, అదే సమయంలో మూత్రం కూడా ఆపుకుంటున్నట్టు లోపలికీ పైకీ లాగండి. పిరుదులు బిగియకూడదు, తొడలు దగ్గరకి రాకూడదు, ఊపిరి ఆగకూడదు. పైకి చూసేవాళ్ళకి మీరేం చేస్తున్నారో తెలియకపోతే సరిగ్గా చేస్తున్నట్టే. మొదట్లో రెండు మూడు సెకన్లు నిలిపి, అంతసేపూ వదిలెయ్యండి. వారాలు గడిచేకొద్దీ 10 సెకన్ల దాకా పెంచండి. ఒక్కో దఫాకి ఎనిమిది నుంచి పది, రోజుకి మూడు దఫాలు, కనీసం మూడు నెలలు. బిడ్డకి పాలు పట్టేటప్పుడు చేస్తే వేరే టైం వెతుక్కోనక్కర్లేదు. నిజంగా మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చెయ్యొద్దు, అది మూత్రాశయానికి మంచిది కాదు.

మూడు నెలలు చేసినా తగ్గకపోతే, కిందికి ఏదో జారుతున్నట్టు బరువుగా ఉంటే, గైనకాలజిస్టుకి చూపించి ఫిజియోథెరపీకి రాయించుకోండి.

నడికట్టు కడితే పొట్ట తగ్గుతుందా?

కొవ్వు తగ్గదు. నడుముకి ఆసరా ఉంటుంది, సిజేరియన్ తల్లులకి నడిచేటప్పుడు కుట్ల దగ్గర ధీమాగా ఉంటుంది. పాత చీరతో కట్టినా, కొన్న బెల్టు పెట్టినా ఒకటే. ఊపిరి ఆడకుండా బిగిస్తే మాత్రం లోపలి ఒత్తిడంతా కిందికి దిగి, పైన చెప్పిన కండరాలనే ఇంకా సాగదీస్తుంది. పడుకున్నప్పుడు విప్పెయ్యండి.

పొట్ట మధ్య కండరాలు రెండు వైపులా విడిపోవడం ఇంకో సంగతి. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, తల కొంచెం ఎత్తి బొడ్డు మీద వేళ్ళు ఆనించి చూడండి. రెండు వేళ్ళకన్నా ఎక్కువ దిగుతుంటే సందు ఉన్నట్టు. చాలామందికి మొదటి ఎనిమిది వారాల్లో దగ్గరపడుతుంది. అంతవరకూ పడుకుని లేచే పొట్ట వ్యాయామాల జోలికి పోకండి, పొట్ట మధ్యలో గుట్టలా లేస్తే అది మంచి చెయ్యడం లేదని అర్థం.

వ్యాయామం చేస్తే పాలు తగ్గిపోతాయని, పులిసిపోతాయని అంటున్నారు.

చెమట పట్టేలా నడిచినంత మాత్రాన పాలు తగ్గవు, రుచి మారదు, బిడ్డ ఎదుగుదలకి ఏమీ కాదు. తగ్గేది తిండి చాలకపోతే, బిడ్డ తరచుగా తాగకపోతే. పాలిచ్చే మొదటి ఆరు నెలలూ తల్లికి మామూలు కన్నా రోజుకి 600 కేలరీలు ఎక్కువ కావాలని మన దేశపు పోషకాహార లెక్కలు చెబుతున్నాయి. పథ్యం పేరుతో కారప్పొడి అన్నమే పెట్టి, పైగా నడవమంటే ఒళ్ళు తట్టుకోదు. పప్పు, గుడ్డు, చేప, ఆకుకూర కంచంలో ఉండాలి.

పాలిచ్చాక నడవండి. రొమ్ములు తేలిగ్గా ఉంటాయి, బిడ్డ కూడా గంటో గంటన్నరో పడుకుంటుంది. ఆసరాగా ఉండే బ్రా వేసుకోండి, మరీ బిగుతు వద్దు.

పొద్దస్తమానం ఇంటి పనే చేస్తున్నాను. అది చాలదా?

కొంత లెక్కలోకి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు బాలింతలకి వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చెప్పాయి, కండరాలకి బలమిచ్చే వ్యాయామాలూ చేర్చమన్నాయి. ఒక్క దఫాలో పది నిమిషాలు తగ్గకూడదన్న పాత నియమం ఇప్పుడు లేదు. చిన్న చిన్న ముక్కలుగా చేసినా కలుస్తుంది. ఓ మోస్తరు అంటే, నడుస్తూ మాట్లాడగలరు గానీ పాట పాడలేరు, ఆ మాత్రం ఊపు.

ఇంటి పనితో చిక్కు ఏమిటంటే, అందులో చాలాభాగం వంగి, ఒక పక్కకి ఒరిగి, బిడ్డని ఒకే చంకలో పెట్టుకుని చేసేది. ఒళ్ళు అలుస్తుంది, గుండెకీ ఊపిరికీ పని పడదు. మెడా నడుమూ పట్టేస్తాయి. పైగా ఆ పని మీది కాదు, ఇంటిది. నడక మీది. "రోజంతా తిరుగుతూనే ఉంది కదా, ఇంక వాకింగ్ ఎందుకు" అనే మాట మగవాళ్ళు వాడుకుంటారని తెలుసు, అందుకే ఇంత రాశాను.

బిడ్డని ఎవరు చూస్తారండీ? ఇది తేలకుండా మిగతావన్నీ ఎందుకు?

సరిగ్గా అడిగారు. బాలింతలు నడవకపోవడానికి బద్ధకం కారణం కావడం నేను చాలా తక్కువగా చూశాను. అరగంట పాటు బిడ్డ బాధ్యత నిజంగా వేరేవాళ్ళ చేతిలో ఉండదు, అదీ సంగతి. "వెళ్ళు, నేను చూస్తాలే" అని చెప్పి, అయిదు నిమిషాలకి "ఏడుస్తున్నాడు, వచ్చెయ్" అని ఫోన్ చేస్తే ఆ తల్లి మర్నాడు చెప్పులు వేసుకోదు.

కాబట్టి ముందు తేల్చుకోవలసింది మనిషినీ, వేళనీ. స్టీల్‌ప్లాంటులోనో పోర్టులోనో షిఫ్టు ఉద్యోగం చేసే ఇంట్లో రోజూ ఒకే వేళ కుదరదు. షిఫ్టు చార్టు ఫ్రిజ్ మీద అంటించి, దాని పక్కనే నడక వేళ రాసుకోండి. ఏ షిఫ్టు అయితే పొద్దున్న ఆయన ఉంటారు, ఆ వారం పొద్దున్నే. పగటి షిఫ్టు వారం సాయంత్రం. నైట్ చేసి వచ్చిన రోజు ఆయన్ని పడుకోనివ్వండి, ఆ రోజు అత్తగారో పక్కింటి పిన్నిగారో. వారంలో నాలుగు రోజులు కుదిరినా గొప్పే.

అత్తగారూ అమ్మా దగ్గర లేని ఇళ్ళకి ఇంకో దారి. అదే అపార్టుమెంటులో, అదే వీధిలో చంటిపిల్ల ఉన్న ఇంకో తల్లిని చూసుకోండి. ఈరోజు మీరు నడిస్తే ఆవిడ ఇద్దర్నీ చూస్తుంది, రేపు మీరు. ఇది నెలన్నర దాటాక, పాలు పట్టే వేళలు కాస్త కుదురుకున్నాక పనికొస్తుంది. అంగన్‌వాడీ కేంద్రం దగ్గర అడిగితే మీ వీధిలో ఎవరికి ఎప్పుడు కాన్పయిందో టీచరుకి ఇట్టే తెలుస్తుంది. ఆశా కార్యకర్త కూడా ఆసుపత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. బిడ్డ బరువు చూసి వెళ్ళిపోనివ్వకుండా, మీ ప్రశ్నలు కూడా అప్పుడే అడగండి.

భర్తగా నేనేం చెయ్యాలి? నడవమని రోజూ చెబుతూనే ఉన్నాను.

చెప్పడం ఆపండి. బిడ్డని తీసుకోండి. డైపరు మార్చడం, త్రేన్పు తెప్పించడం, ఏడుపు మాన్పడం మీకు వస్తే ఆమె గుమ్మం దాటుతుంది. పొట్ట గురించి సరదాకి కూడా మాట్లాడొద్దు. చేతికి పెట్టుకునే వాచీ కొనిపెట్టి రోజూ ఎన్ని అడుగులని లెక్క అడిగే భర్తలున్నారు. దాని బదులు ఆదివారం ఇద్దరూ కలిసి వెళ్ళండి, బిడ్డని పడుకోబెట్టే తోపుడు బండి మీరు తొయ్యండి.

విశాఖలో ఎక్కడ నడిస్తే బాగుంటుంది?

మొదటి నెలన్నర మీ వీధే బాగుంటుంది. బాత్రూము దగ్గర్లో ఉండాలి, బిడ్డ ఏడిస్తే మూడు నిమిషాల్లో ఇంట్లో ఉండాలి. అపార్టుమెంటు వాళ్ళకి కింద పార్కింగు, సాయంత్రం మేడ. చుట్టూ తిరగడం విసుగే, చెవుల్లో ఏ పాటలో పెట్టుకోండి, ఒక చెవి ఖాళీగా వదిలి.

తర్వాత బీచ్ రోడ్డు. ఆర్కే బీచ్ దగ్గర పొద్దున్నే కొంతసేపు వాహనాలు ఆపేస్తారు కాబట్టి హారన్ల గోల ఉండదు, రోడ్డు చాలావరకు చదునుగా ఉంటుంది, తోపుడు బండి సాఫీగా వెళుతుంది. సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర మొదలుపెట్టి ఓపిక ఉన్నంత దూరం వెళ్ళి తిరిగి రావొచ్చు. తిరిగి రావాల్సిన దూరం కూడా ఉంటుందని గుర్తుంచుకోండి, సముద్రం చూస్తూ ఎంత దూరం వచ్చేశామో తెలియదు. ఇసకలో నడవడం మాత్రం ఇప్పుడే వద్దు. గర్భంతో ఉన్నప్పుడు కీళ్ళ దగ్గరి బిగువు సడలుతుంది, కాన్పయ్యాక కొన్ని నెలలకి గానీ పూర్తిగా కుదురుకోదు. మెత్తటి ఇసకలో చీలమండ మడతపడితే అంతే సంగతులు. తడి ఇసక ఎంత గట్టిగా కనిపించినా ఒక పక్కకి వాలుగా ఉంటుంది, నడుముకి మంచిది కాదు.

శివాజీ పార్కు, పాత జైలు స్థలంలో కట్టిన సెంట్రల్ పార్కు, ఉక్కునగరంలో చెట్ల నీడ ఉన్న రోడ్లు, ఇవన్నీ బాగుంటాయి. కూర్చోడానికి బెంచీ ఉన్న చోటు ఎంచుకోండి, పాలు పట్టాల్సి వస్తుంది. గాజువాక, మల్కాపురం వైపు లారీలు తిరిగే రోడ్డు పక్కన నడవకండి, లోపలి వీధులు చూసుకోండి. కైలాసగిరి మెట్లు ఇప్పుడే కాదు, దిగేటప్పుడు మోకాళ్ళ మీద పడే భారం తక్కువేం కాదు.

ఈ ఊళ్ళో ఎండ కన్నా ఉక్క ఎక్కువ బాధపెడుతుంది. గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. మార్చి నుంచి జూన్ దాకా ఏడు గంటల లోపు ముగించెయ్యండి, లేదా సూర్యాస్తమయం తర్వాత. నీళ్ళ సీసా, చిటికెడు ఉప్పు వేసిన మజ్జిగ వెంట ఉండాలి. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పట్టి వారం వానైతే ఇంట్లో నడకే. గోడకి ఆనుకుని కుర్చీలో కూర్చున్నట్టు దిగి లేవడం, కుర్చీ మీంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడని తోస్తూ చేసే దండీలు, ఇవి వానలోనూ చెయ్యొచ్చు. వానలేని రోజుల్లోనూ వారానికి రెండుసార్లు చెయ్యాలి.

సింహాచలం గిరి ప్రదక్షిణ మొక్కుకున్నాను. పాపకి మూడో నెల. చెయ్యొచ్చా?

32 కిలోమీటర్లు, రాత్రంతా, జనంలో, చెప్పుల్లేకుండా. అప్పన్న వచ్చే ఆషాఢం దాకా ఆగుతాడు.

పరుగు, జుంబా, జిమ్, సూర్య నమస్కారాలు ఎప్పటి నుంచి?

గెంతులూ పరుగూ ఉన్నవి కనీసం 12 వారాల దాకా వద్దు. ఆ తర్వాత కూడా ముందు ఒక పరీక్ష. అరగంట వేగంగా నడిచినా, ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడినా, ఉన్నచోటే మెల్లగా గెంతినా నొప్పి గానీ, మూత్రం పడడం గానీ, కింద బరువుగా అనిపించడం గానీ ఉండకూడదు. సిజేరియన్ వాళ్ళు ఇంకా నెమ్మదిగా. ఊపిరి వ్యాయామాల్లో మెల్లగా లోతుగా పీల్చి వదిలేవి మొదటి వారం నుంచే మంచివి. పొట్టని గట్టిగా కొట్టే కపాలభాతి వద్దు. సూర్య నమస్కారాలు డాక్టరు ఆరు వారాల పరీక్ష చేసి సరేనన్నాక, మొదట సగం వంగి.

బరువు తగ్గడం లేదు. కడుపుతో ఉన్నప్పుడు షుగరు కూడా వచ్చింది.

బరువు గురించి తొందర లేదు. తొమ్మిది నెలల్లో చేరింది, కనీసం అంతకాలం ఇవ్వండి. షుగరు గురించి మాత్రం తొందర ఉంది. గర్భంతో వచ్చిన షుగరు కాన్పయ్యాక చాలామందికి పోతుంది, దాంతో అందరూ మర్చిపోతారు. ఆరు వారాలకి గ్లూకోజ్ తాగించి చేసే పరీక్ష మళ్ళీ చేయించాలి. నార్మల్ వచ్చినా ఏటేటా చూపించుకుంటూ ఉండాలి, ఎందుకంటే అలాంటి తల్లులకి తర్వాత అసలు మధుమేహం వచ్చే అవకాశం మిగతావాళ్ళకన్నా చాలా ఎక్కువ. దాన్ని వెనక్కి నెట్టగలిగే వాటిలో భోజనం తర్వాత పావుగంట నడక ఒకటి. బారసాల సందడిలో, టీకాల పరుగులో ఈ పరీక్ష తప్పిపోతుంది. బిడ్డకి ఆరో వారం టీకా వేయించే వారమే మీకూ పెట్టుకోండి.

నాలుగడుగులు వేస్తే ఆయాసం, గుండె దడ.

ముందు హిమోగ్లోబిన్ చూపించుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో సగానికి పైగా ఆడవాళ్ళకి రక్తహీనత ఉంది. కాన్పయ్యాక ఐరన్ మాత్రలు రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. చాలామంది ఆసుపత్రి సంచీతో పాటే వాటిని అటక మీద పెట్టేస్తారు. టీ, కాఫీలతో కలిపి వేసుకోవద్దు, కాల్షియం మాత్ర వేరే పూట. ఉన్నట్టుండి ఆయాసం వస్తే మాత్రం రక్తహీనతలే అనుకుని కూర్చోకండి, కింది జవాబు చూడండి.

ఏ లక్షణాలు కనిపిస్తే నడక ఆపి ఆసుపత్రికి వెళ్ళాలి?

గంటకో ప్యాడ్ తడిసేంత రక్తం. ఒక పిక్క మాత్రమే వాచి, ఎర్రబడి, నొప్పి పెట్టడం. ఛాతీ నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం. తగ్గని తలనొప్పి, కళ్ళు మసకలు, ముఖం వాపు: కాన్పయ్యాక ఆరు వారాల దాకా కూడా బీపీ పెరగొచ్చు, కాన్పుతో ఆ గండం గడిచిందనుకోకూడదు. జ్వరం, కుట్ల దగ్గర చీము, దుర్వాసన. వీటిలో ఏది ఉన్నా రేపు చూద్దామనొద్దు. 108కి ఫోన్ చెయ్యండి, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లోనూ ఘోషా ఆసుపత్రిలోనూ రాత్రి కూడా చూస్తారు.

ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు. ఊరికే ఏడుపు వస్తోంది. నడిస్తే పోతుందా?

మొదటి రెండు వారాల్లో ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, దానంతట అదే తగ్గుతుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డ నిద్రపోయినా మీకు నిద్ర పట్టకపోతే, బిడ్డ మీద ఏ భావమూ కలగకపోతే అది జబ్బు, మందు ఉంది. నడక మనసుకి సాయం చేస్తుంది గానీ చికిత్సకి బదులు కాదు. మానసిక ఇబ్బందులకి సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416, ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. చచ్చిపోవాలనో బిడ్డకి ఏదైనా చెయ్యాలనో ఆలోచన వస్తే ఇంట్లోవాళ్ళు ఆమెని ఒంటరిగా వదలకుండా అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. "దిష్టి తగిలింది" అని రోజులు గడపకండి.

ఉద్యోగంలో చేరాక ఎలా?

ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో మొదటి రెండు కాన్పులకి 26 వారాల జీతంతో సెలవు వచ్చింది. 50 మంది గానీ అంతకన్నా ఎక్కువ మంది గానీ పనిచేసే సంస్థ శిశు సంరక్షణ గది పెట్టాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసిరావొచ్చు. గది రెండో అంతస్తులో ఉంటే లిఫ్టు వద్దు, ఆ నాలుగుసార్లూ మెట్లే. సెలవు అయిపోయే ముందు వారం నుంచి కొత్త వేళలకి నడక మార్చి చూసుకోండి.

చంటిదాన్ని వెంట తీసుకుని నడవొచ్చా?

తీసుకెళ్ళొచ్చు. ఒంటికి కట్టుకునే సంచీ అయితే బిడ్డ ముఖం మీకు కనబడుతూ ఉండాలి, గడ్డం ఛాతీకి ఆనకూడదు, ముక్కుకి గుడ్డ అడ్డం రాకూడదు. ఉక్కలో అరగంట మించొద్దు, ఇద్దరి ఒంటి వేడీ కలుస్తుంది. తోపుడు బండిలో ఎండ తగలకుండా పైన దుప్పటి కప్పేస్తారు కొందరు, లోపల గాలి ఆడక వేడెక్కిపోతుంది, కప్పొద్దు. మన పేవ్‌మెంట్ల మీద కరెంటు స్తంభాలూ బడ్డీలూ ఉంటాయి కాబట్టి బండిని పార్కులోకో పొద్దుటి బీచ్ రోడ్డుకో దాచుకోండి. రెండు చేతులూ బండి మీదే ఉంచి, నిటారుగా తోయండి. ఫోన్ మాట్లాడాల్సి వస్తే పక్కకి ఆగి, బ్రేకు వేసి మాట్లాడండి. బీచ్ రోడ్డు కూడా కొన్నిచోట్ల సముద్రం వైపుకి వాలే ఉంటుంది.